మా వదిన ఎత్తని ఘటం

మొన్న ఆదివారం పొద్దున్నే మా బస్తీ అమ్మవారి కమిటీ వాళ్ళు ఇద్దరు, నా కళ్ళ ముందు పుట్టి పెరిగి ఇప్పుడు జుట్టుకి రంగేసుకుంటున్నవాళ్ళు, మా ఇంటికొచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీలు వేసినా కూర్చోకుండా నిలబడే ఒక మాట చెప్పారు. ఈ ఏడాది నుంచి ఘటం ఎత్తేది మొగుడున్న ఆడదా లేనిదా అని చూడబోమనీ, మీటింగులో టీ తాగుతూ ఆ మాట అనుకుంటే ఎవరూ కాదనలేదనీ, బస్తీలో అందరికంటే పెద్దదాన్ని గనక మొదటి ఘటం నన్నే ఎత్తమనీ అడిగారు. బరువు మోయలేకపోతే చెరో పక్కా ఒకరు పట్టుకుంటారని కూడా అన్నారు. నేను వద్దన్నాను. మోకాళ్ళ నొప్పుల వల్ల కాబోలు అనుకుని వాళ్ళు ఇంకోసారి దండం పెట్టి వెళ్ళిపోయారు.

సెలవులకి వచ్చిన మా మనవరాలు మాత్రం ఊరుకోలేదు. దానికి కాలేజీలో అమ్మవార్ల గురించి ఏదో పెద్ద కాగితం రాయాలట, ఆడదానిలో దేవుణ్ణి చూడటమంటే ఏమిటి, శక్తి అంటే ఏమిటి అని వారం నుంచి నన్ను పొడుస్తోంది. నేను తెలుగులో అడిగితే అది హిందీలో చెప్తుంది, మా ఇద్దరికీ అది అలవాటే. ఇన్నాళ్ళకి తలుపు తీశారు, నువ్వే వెళ్ళనంటే ఎలా నానీ అని హిందీలోనే గట్టిగా కేకలేసింది.  రెండు రోజులు ఆలోచించి, మా అమ్మాయిని కాగితం కలం పట్టుకుని నా ఎదురుగా కూర్చోమన్నాను. నాకు రాయడమంటే నా పేరు ఒక్కటే వచ్చు, అదీ బ్యాంకులో లాగి లాగి రాయాలి. అక్షరాలు నువ్వు దిద్దుకో గానీ నా మాట దిద్దకు అని ముందే చెప్పాను. ఈ సంగతి మా అమ్మాయి కూడా ఇప్పుడే మొదటిసారి వింటోంది.

నా ఈడు వాళ్ళకి ఘటమంటే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఇత్తడి బిందెకి పసుపు రాసి, బొట్లు పెట్టి, నిండా పసుపు నీళ్ళు పోసి, మూతి చుట్టూ వేపమండలు కట్టి, పైన మూకుడులో దీపం పెడితే అదే అమ్మోరు. ఎండాకాలంలో పండగ రోజుల్లో మనం ఆవిడ గుడికి వెళ్ళక్కర్లేదు, ఆవిడే ఒక ఆడదాని నెత్తిమీద ఎక్కి ఇంటింటి గుమ్మానికీ వస్తుంది. మోసే మనిషి కాళ్ళమీద ప్రతి ఇంటివాళ్ళూ చెంబుల కొద్దీ పసుపు నీళ్ళు పోస్తారు. ఆ కాసేపూ మోసేది కూడా అమ్మోరే, ఎంత పెద్ద ముసలమ్మైనా ఆమె కాళ్ళకి దండం పెట్టి అమ్మా అనాల్సిందే. బిందె దించాక మళ్ళీ ఎవరింటి కోడలు వాళ్ళింటి కోడలే, వెళ్ళి అంట్లు తోముకోవాలి.

నేను శ్రీకాకుళం వైపు పల్లె నుంచి పెళ్ళి చేసుకుని, హిందీ మాట్లాడే ఈ ఫ్యాక్టరీ ఊళ్ళో గోల్‌మురి బస్తీ క్వార్టరుకి వచ్చేసరికి, ఆ ఇంట్లో మా ఇంటాయన అక్కగారు అప్పటికే ఉంది. నాకు వదిన. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోతే, అత్తారింటి వాళ్ళు ఉంచుకునేది లేదంటే, తమ్ముడు వెళ్ళి రైల్లో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చేశాడు. పొడుగ్గా, ఎండు కట్టెలా ఉండేది. రెండు చీరలు, బోసి చేతులు, బోసి మెడ, కానీ నోరు మాత్రం బోసి కాదు. ఈ ఊరు నాకు నేర్పింది ఆవిడే. జుగ్సలాయి బజారులో మార్వాడీ కొట్టువాడితో హిందీలో బేరం ఎలా ఆడాలో, సైరను విని షిఫ్టు ఎలా గుర్తుపట్టాలో, మొగుడి సైకిలు చప్పుడు దూరాన్నుంచి విని పొయ్యిమీద అన్నం ఎప్పుడు వేడి చెయ్యాలో, అన్నీ ఆవిడ చెప్పినవే. నేను మొదటిసారి కూరలు తెస్తే ఒక బెండకాయ విరవబోయి, విరగక, నా మొహం వైపు చూసి, మీ ఊళ్ళో బెండకాయలకి ఎముకలుంటాయేటి పిల్లా అంది. ఇప్పటికీ మార్కెట్లో బెండకాయ కొస విరిచినప్పుడల్లా నాకు ఆ మాటే వినిపిస్తుంది.

మా అబ్బాయి పుట్టి ఇరవై రోజులైనా కాలేదు, నాలుగేళ్ళ మా పెద్దపిల్లకి, అంటే ఇప్పుడు ఇది రాస్తున్న దానికే, అమ్మోరు పోసింది. పసిగుడ్డుతో ఒకే ఇంట్లో ఉండకూడదని నన్నూ పిల్లాణ్ణీ పక్క క్వార్టరు పిన్నిగారింటికి పంపేశారు. మధ్యన ఒక్క గోడే. పదకొండు రోజులు నేను ఆ గోడకి చెవి పెట్టుకుని బతికాను. మా వదిన ఆ పదకొండు రోజులూ తల దువ్వలేదు, ఇంట్లో తాలింపు వెయ్యలేదు, చెప్పులేసుకోలేదు. డాక్టరిచ్చిన మందు వేళకి పోసేది, వేపాకు పరిచి పక్క వేసేది, రెండూ చేసింది. నాకు ఎక్కువ గుర్తున్నది ఆవిడ మాట. అంతకు ముందు వారమే మజ్జిగ ఒలకబోసిందని వీపుమీద ఒకటిచ్చిన పిల్లని, మా వైపు మాటలో గుంటని, ఇప్పుడు ఏం కావాలి తల్లీ, చల్లన్నం పెట్టనా తల్లీ, కోపం తగ్గించుకోమ్మా, చల్లగా చూడమ్మా అని పెద్దముత్తైదువతో మాట్లాడినట్టు మాట్లాడేది. ఒంటిమీద అమ్మోరున్నన్నాళ్ళూ ఆ గుంట గుంట కాదు, అమ్మోరే. మా వదిన దానికి నీళ్ళిచ్చినా రెండు చేతులతో ఇచ్చేదట. పిన్నిగారు కిటికీలోంచి చూసి వచ్చి చెప్పేది.

ఆరోరోజుకి పిల్లకి రెప్పలమీద కూడా లేచి రెండు కళ్ళూ మూసుకుపోయాయి. మా ఇంటాయన డ్యూటీ నుంచి వచ్చి వసారాలో తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు గోడ అవతల నుంచి మా వదిన గొంతు పెద్దగా వినిపించింది. "తల్లీ, ఈ గుంట కల్లు తెరిత్తే, పండక్కి నీ గటం నా నెత్తిమీద పెట్టుకుని ఈ ఈదులన్నీ తిప్పుతాను." బస్తీలో సగం మంది విన్నారు. రెండు రోజులు గడిచాక పిల్ల కళ్ళు తెరిచింది. తెరిచి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి అమ్మా అంది.

అక్కడి నుంచి నా బుద్ధి పాడైంది. స్నానం పోసి, ఇల్లు కడిగి, నన్ను ఇంటికి తెచ్చుకున్నారు గానీ, పిల్ల నా ఒళ్ళోకి రాలేదు. మేనత్త చీర వెనక దాక్కుని నన్ను చుట్టాన్ని చూసినట్టు చూసింది. ఆవిడ దాని రెక్క పట్టుకుని నా మీదికి తోసి, అదే మీ అమ్మ, నాను కాదు, పోయే అని కసిరేది. అది వచ్చి ఒక నిమిషం కూర్చుని మళ్ళీ ఆవిడ దగ్గరికే పోయేది. అమ్మా అనే పిలుపు మాత్రం మార్చుకోలేదు. వేరొకరైతే నా బిడ్డని బతికించిందని కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకునేవారు. నేను బాలింతరాలిని, పాలిచ్చే పసివాడు ఒళ్ళో ఉన్నాడు, అయినా నాది ఏదో ఆవిడ లాక్కుందని లోపల రగిలిపోయాను. పైకి ఏమీ అనలేదు. అనడానికి కారణమేం ఉంది?

కారణం పండగతో పాటు వచ్చింది. ఘటాలు నడిపించే పెద్దాయన, ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి, అందరం మావా అని పిలిచేవాళ్ళం, ఒక సాయంత్రం వచ్చి వసారాలో కూర్చుని చాలాసేపు ఎండల గురించీ నీళ్ళ గురించీ మాట్లాడాడు. ఆఖరికి అసలు సంగతి చెప్పాడు. ఘటం ముత్తైదువే ఎత్తాలి, అది మనూరి నుంచి తెచ్చుకున్న పద్ధతి, కానీ మొక్కుకున్నది మీ ఆడబిడ్డ, మొక్కు ఎవరిదైతే తీర్చాల్సింది వాళ్ళే, అదీ పద్ధతే, రెంటి మధ్యా నాకు ఎటూ తోచడం లేదన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "గటం లేసేది నీ గుమ్మంలోంచి, గాబట్టి నీ మాటే మాట కోడలా. నువ్వు సరేనంటే నాను కల్లు మూసుకుంటాను. అమ్మోరికి నేని పట్టింపు నాకేటి."

వదిన గుమ్మం లోపల కూర్చుని కందిపప్పు బాగుచేస్తోంది. చేట ఆడటం ఆగిపోయింది. మా ఇంటాయన రాత్రి డ్యూటీకి బూట్లు వేసుకుంటున్నాడు. అందరూ నా నోరే చూస్తున్నారు. జీవితంలో అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఏ సంగతిలోనూ నన్నెవరూ నీ మాటే మాట అనలేదు. ఆ ఒక్కసారే అన్నారు. నేను ఏమన్నానంటే, పసిపిల్లలున్న ఇల్లు మావా, అశుభం, మళ్ళీ పిల్లకేదైనా అయితే జవాబెవరు చెప్తారు, నేనే ఎత్తుకుంటాను అన్నాను. భయం కాదు అది. భయం ముసుగు వేసుకున్నాను. మా ఇంటాయన అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు, సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దాయన వెళ్ళాక వదిన చేట మళ్ళీ అందుకుంది. కోపంగా కూడా కాదు, బెండకాయల గురించి అన్నట్టే అంది, "అమ్మోరికి మొగుడున్నాడేటే పిల్లా? ఉంటే ఎప్పుడూ మనింటికి రానేదే." ఆ మాట నిజం. అమ్మోరు గుడిలో ఒక్కతే ఉంటుంది, పసుపూ గాజులూ మనం పెట్టినవే, ఎవరి పేరు చెప్పుకుని పెట్టుకున్నవీ కావు. నేను అప్పుడు నవ్వేసి ఉంటే అయిపోయేది. నేను నవ్వలేదు. "అమ్మోరూ నువ్వూ ఒకటేనేటి వదినా?" అన్నాను.

కాసేపు పప్పులో రాళ్ళు ఏరి, కాదులే అంది.

పండగ రోజుకి పనులన్నీ ఆవిడే చేసింది. బిందె చింతపండుతో తోమి అద్దంలా చేసింది, వేపమండలు ఎంచి కట్టింది, పసుపు నూరింది. నెత్తిమీద బిందె కుదురుగా నిలవాలంటే కింద గుడ్డతో చుట్టిన చుట్టకుదురు ఉండాలి కదా, అదీ ఆవిడే చుట్టి పీటమీద పెట్టింది. డప్పులు గుమ్మం ముందుకొచ్చాక, ముత్తైదువలు చుట్టూ చేరి బిందె ఎత్తబోతూ చుట్టకుదురు నా తలమీద పెట్టారు. చేత్తో సర్దుకోబోతే ఆ గుడ్డ నాకు తెలిసింది. నీలం అంచు తెల్లచీర. ఆ పదకొండు రోజులూ పిల్ల పక్కన కూర్చున్నప్పుడు కట్టిన చీర. దాన్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, ఒక పేలిక చింపి చుట్టింది. నెత్తి నాదైనా, బరువు తన గుడ్డమీద ఉంటే మొక్కు కొంచెమైనా తన పేర ముడుతుందని ఆశపడింది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు, ఎవరికీ తెలిసేది కూడా కాదు.

నేను దాన్ని తీసేశాను. ఇది జారుతోంది, మా ఆయన తువ్వాలు తెమ్మని పక్కన పిన్నిగారికి చెప్పాను. పిన్నిగారు లోపలికి చూసింది. తువ్వాలు ఎక్కడుందో ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? వదినకే తెలుసు. ఆవిడే తెచ్చింది. ముత్తైదువల మధ్యకి రాకుండా, గుమ్మం లోపల నిలబడే చెయ్యి చాచి ఇచ్చింది. నా చేతిలో ఉన్న పేలికని చూసింది, నన్ను చూసింది. నేను దాన్ని పీట కిందికి తోసేశాను.

మా అమ్మాయి ఇక్కడ కలం ఆపింది. ఆపితే ఆపనీ అనుకున్నాను. కాసేపటికి తలెత్తకుండానే, ఊఁ, చెప్పు అంది. చెప్తున్నాను.

ఆ రోజు ఎండ నిప్పులు చెరిగింది. ప్రతి గుమ్మంలోనూ పసుపు నీళ్ళు పోశారు. నాకు తల్లి వయసున్నవాళ్ళు నా పాదాలకి దండం పెట్టారు, పిల్లల్ని తెచ్చి నా ఘటం కిందుగా దూర్చారు, అమ్మా చల్లగా చూడమ్మా అని మొక్కారు. ఆ పొంగులో నాకు నిజంగానే నేను అమ్మోరిననిపించింది, దాచుకోవడమెందుకు. తిరిగి తిరిగి సాయంత్రానికి మా గుమ్మం ముందుకి వచ్చాం. వదిన పిల్లని చంకనేసుకుని నిలబడి ఉంది. మొగుడు లేనిది గనక పసుపు నీళ్ళు పోసే హక్కు ఆవిడకి లేదు. పిల్లని కిందికి దించి, మట్టిలో కూర్చుని, అందరిలాగే నా తడి పాదాలమీద నుదురు పెట్టింది. కొంచెం ఎక్కువసేపే ఉంచింది. ఘటం ఎత్తినవాళ్ళు వంగకూడదు, దీపం ఆరిపోతుంది. నేను నిటారుగా నిలబడ్డాను. ఆవిడ అమ్మోరికే దండం పెట్టిందని నాకు తెలుసు. కానీ ఆ కాళ్ళు నావి.

తర్వాత మా మధ్య పోట్లాట లేదు, మాట పట్టింపు లేదు. అదే మేలనుకున్నాను. ఇంకా చాలా ఏళ్ళు ఒక పొయ్యిమీదే వండుకున్నాం. పిల్ల పెద్దదై అత్తా అనడం నేర్చుకుంది, నేనే నేర్పాను. ఒక్కటే తేడా, ఆ ఏడాది నుంచి మళ్ళీ ఏ పండక్కీ వదిన ఘటం చూడటానికి గుమ్మంలోకి రాలేదు. డప్పులు వినిపిస్తే పెరట్లోకి పోయి ఏదో ఒక పని పెట్టుకునేది. ఒకసారి, మా అబ్బాయి స్కూలు చదువు అయిపోయిన ఏడాది, ఇద్దరం బియ్యం ఏరుకుంటూ కూర్చున్నప్పుడు ధైర్యం చేసి, వదినా ఆ రోజు గుడ్డ తీసేశాను చూడు అని మొదలుపెట్టాను. "పాత సంగతులెందుకే ఇప్పుడు, రాల్లున్నాయి సూసి ఏరు" అంది. నేను హమ్మయ్య అనుకున్నాను. చెప్పేసినట్టే లెక్క అనుకున్నాను. ఆవిడ ఆపింది నా నోరు కాదు, తన ఏడుపు అని ఇప్పుడు తోస్తుంది. రెండు వానాకాలాలు తిరక్కుండానే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆస్పత్రిలో పోయింది. మొక్కు అలాగే ఉండిపోయింది. మొక్కుకున్న మనిషి తీర్చకుండా పోతే ఆ బాకీ ఎవరిదో నేను ఏ పూజారినీ అడగలేదు, వాళ్ళు చెప్పే జవాబంటే నాకు భయం.

మా ఇంటాయన పోయాక వచ్చిన మొదటి పండక్కి, అలవాటు చొప్పున చెంబుతో పసుపు నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నేను ఎత్తుకుని ఆడించిన పక్కింటి పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి, పరుగున వచ్చి నా చేతిలో చెంబు మెల్లగా తీసుకుని, నీకు మోకాళ్ళు నొప్పులు కదా అత్తా, కూర్చో, నేను పోస్తాను అంది. ఎంత మర్యాదగా తీసుకుందో. అశుభమనలేదు, మోకాళ్ళంది. నేను మా వదినకి ఆ మాత్రం మర్యాద కూడా చెయ్యలేదు. ఆ రోజు నేను లోపలికి వెళ్ళి, పెరటి గుమ్మం దాకా పోయి నిలబడ్డాను. ఆవిడ అన్నేళ్ళు అక్కడ నిలబడి ఏం చూసేదో నాకప్పుడు కనిపించింది. ఏమీ కనిపించదు అక్కడినుంచి. గోడా, తీగమీద బట్టలూ, అంతే.

మనవరాలు అడిగిన దానికి నాకు చదువుకున్న జవాబు తెలియదు. పుస్తకాల్లో ఆడదే శక్తి అని ఉంటుందట, ఉండనీ, మంచిదే. నాకు తెలిసింది ఒక్కటి. అమ్మోరు ఆ పదకొండు రోజులూ మా ఇంట్లోనే ఉంది, ఒకరి ఒంటిమీదే కాదు, ఇద్దరి దగ్గర. నాలుగేళ్ళ గుంటలో ఉందంటే నేను చేతులెత్తి ఒప్పుకున్నాను. ఆ గుంట పక్కన తల విరబోసుకుని కూర్చున్న దానిలో ఉందంటే, మొగుడు లేడని ఒప్పుకోలేదు. బిందెలో వెతుక్కున్నాను. తలుపు తీశారు, వెళ్ళు అంటుంది మనవరాలు. వాళ్ళు నాకు తీశారు. నేను ఆవిడకి మూసిన తలుపు అది. ఆవిడ చీర పేలికని ఒప్పుకోని ఈ నెత్తిమీదికి అమ్మోరిని ఏ మొహంతో రమ్మంటాను?

రోజులు చాలా మారాయి. పిల్లలకి సూదులున్నాయి, ఒంటిమీద అమ్మోరు పొయ్యడం ఈ కాలం తల్లులు చూడనైనా చూడరు. సైకిళ్ళు పోయాయి, సైరను విని అన్నం వేడి చేసేవాళ్ళు లేరు. డప్పులకి బదులు డబ్బాల్లాంటి మైకులొచ్చాయి, గుండె అదురుతుంది. అవన్నీ మారినందుకు నాకేం బాధ లేదు, కొన్ని మారడమే మంచిది. నన్ను తినేసేది కమిటీవాళ్ళు గుమ్మంలో నిలబడి చెప్పిన ఆ మాట. మీటింగులో టీ తాగుతూ అనుకున్నారట, ఎవరూ కాదనలేదట. అంత పెద్ద పద్ధతి, మనూరి నుంచి రైలెక్కించి తెచ్చుకున్న పద్ధతి, ఒక్క టీ తాగినంతసేపట్లో మారిపోయింది. అమ్మోరికి కోపం రాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అంత తేలికైన పనా అది అని అప్పటి నుంచి కూర్చుని ఆలోచిస్తున్నాను. తేలికైనదే. నలభై ఏళ్ళ కిందట మా వసారాలో, పెద్దాయన కళ్ళు మూసుకుంటానన్నాక, సరే మావా అని నేను ఒక్క మాట అని ఉంటే, అక్కడే మారిపోయి ఉండేది.